ఐసు తొక్కని డ్రిల్లు టీచర్

మొన్న ఆదివారం నారాయణగూడ మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుకుంటున్నాను. నా ముందు ఒకావిడ నిలబడి ఉంది. నూలు చీర, కుచ్చిళ్ల కింద తెల్ల కాన్వాస్ బూట్లు. ముఖం అటువైపు ఉంది. అప్పటిదాకా ఒక కాలి మీద వాలి నిలబడ్డ నేను చప్పున నడుము నిటారుగా చేసి, రెండు కాళ్ల మీదా బరువు సమంగా వేశాను. బండి అతను "ఏమైందక్కా, నడుము పట్టిందా?" అని అడిగాడు. ముందున్నావిడ ఇటు తిరిగింది. ఎవరో తెలియనావిడ. టీచర్ పోయి ఎనిమిది నెలలైందని అప్పుడు గుర్తొచ్చింది. అరకిలో చిక్కుడుకాయలు తూయించుకుని ఇంటికొచ్చాను.

టీచర్ అంటే నాకు బళ్లో చెప్పిన మనిషి అనుకునేరు. ఆమె పనిచేసిన బళ్లో నేను చదవలేదు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరై, అశోక్‌నగర్‌లో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో కూతురితో కలిసి కిరాయికి ఉండేది. నాకూ, మా చుట్టుపక్కల ఇంకో ఆరుగురు పిల్లలకూ ఆమె నేర్పింది ఒక్కటే: ఐస్ స్కేటింగ్‌కు ముందు ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో. స్కేటింగ్ ఎలా చేయాలో ఆమెకు తెలియదు. ఐసు మీద కాలు పెట్టి ఎరగదు. పెట్టాలన్న కుతూహలం కూడా ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

చిక్కడపల్లి పిల్లలకు ఐస్ స్కేటింగేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా బంధువులు చాలాకాలం నవ్వారు. మా నాన్నకు చిక్కడపల్లిలో శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సు ఉండేది. ఇంట్లో గెంతులు తగ్గుతాయని ఆయనే నన్ను చక్రాల స్కేటింగ్‌లో చేర్పించాడు. అక్కడ మాకు నేర్పే కోచ్ ఇరవై అయిదేళ్ల కుర్రాడు. ఊరి అవతలి కొసన ఒక మాల్లో ఐసు రింకు ఉందని, శని ఆదివారాలు పొద్దున ఏడింటికి, మామూలు జనం రాకముందు మాకో గంట ఇస్తారని మాట్లాడుకుని వచ్చాడు. ఏడుగురు పిల్లలం, ఒక వ్యాను. ఆ గంటలో నిమిషం కూడా పాడు కాకూడదు, వార్మప్ ముందే అయిపోవాలి అన్నాడు. వార్మప్ అనగానే మా పేటలో తల్లులందరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. వాళ్లలో ముగ్గురు చిన్నప్పుడు ఆమె చేత ఎండలో నిలబెట్టించుకున్నవాళ్లు.

మొదటి రోజు తెల్లవారుతుండగా అశోక్‌నగర్ పార్కులో మమ్మల్ని వరసగా నిలబెట్టింది. అరవై ఏళ్ల మనిషి, సన్నగా, వెదురు బద్దలా ఉండేది. చీర కొంగు నడుములో దోపి ఉంది. మెడలో ఈల ఉంది గానీ మూడేళ్లలో దాన్ని ఊదగా నేను వినలేదు.

"చూడుండ్రి పిల్లలూ, నాకు ఐసు తెల్వది. దాని మీద మీరేం చేస్తరో ఈడ చేసి చూపెట్టుండ్రి. అప్పుడు ఏ కాలుకు పనో, ఏ నరానికి పనో నేను చెప్త" అంది.

నేను ముందుకు వచ్చి, ఒక కాలి మీద నిలబడి, చేతులు రెండూ చాచి, నడుము వంచి, రెండో కాలు వెనక్కి పైకెత్తాను. స్కేటింగ్‌లో దానికి స్పైరల్ అని పేరు. బాగానే చేశానని నా నమ్మకం. టీచర్ నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. వంగి చీలమండ చూసింది. తుంటి దగ్గర వేలు పెట్టి నొక్కింది.

"గిదేనా? గిది కొంగ" అంది.

ఆ రోజు నుంచి అది కొంగే. ఇంగ్లిషు పేర్లు ఆమె నోట నిలిచేవి కావు, నిలపాలని ఆమె అనుకోలేదు కూడా. తుంటి దగ్గర నుంచి కాలు గుండ్రంగా తిప్పితే తిరగలి. కంచె పట్టుకుని కాలు ముందుకూ వెనక్కూ ఊపితే చీపురు. కూర్చుని కాళ్లు చాపి పాదాలు అందుకోవడం బిందె తోడుడు. రెండు నెలలయ్యేసరికి కోచ్ కూడా రింకులో "ముందు రెండు తిరగళ్లు వేసుకుని రండి" అనేవాడు.

ముందు పరుగు, తర్వాతే సాగదీత. ఇందులో బేరాల్లేవు. పరుగు ఎగ్గొట్టి నేరుగా పాదాలు అందుకోబోతే వెనక నుంచి గొంతు వినిపించేది. "ఏయ్ పిల్లా, నాననియ్యని పిండి సాగుతదా?" సాగదీసి పట్టుకున్నాక ఊపిరి బిగించకూడదు. బిగిస్తే ముక్కు దగ్గర వేలు పెట్టేది, గాలి వస్తోందా లేదా అని. నాకు నవ్వొచ్చేది, నవ్వితే గాలి అదే వచ్చేది.

అశోక్‌నగర్ పార్కంటే పొద్దున్నే సగం మంది ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. చేతిలో నోట్సు పట్టుకుని, నేల చూపులు చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటారు. టీచర్ వాళ్లనీ వదల్లేదు. "తమ్మీ, ఉద్యోగం వచ్చేదాక మెడ ఉండాలె గద. జర తలెత్తి నడువు" అనేది. అతను పాపం తలెత్తి రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో మళ్లీ నోట్సులోకి వంగిపోయేవాడు. వాళ్లలో ఒకరిద్దరు మా వెనక నిలబడి దొంగతనంగా తిరగలి తిప్పడం నేను చూశాను.

ఒకరోజు మమ్మల్ని పార్కు నుంచి చౌరస్తా దాకా నడిపించింది. అక్కడ పొద్దున్నే కూలీల అడ్డా. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు తట్టలు, పారలు పెట్టుకుని మేస్త్రీల కోసం చూస్తుంటారు. అప్పుడే ఒక ఆటోలోంచి సిమెంటు బస్తాలు దించుతున్నారు. ఒకామె మోకాళ్లు వంచి, వీపు వంచకుండా, బస్తాను తొడల మీదికి లాక్కుని లేచింది.

"చూసిండ్రా? గెంతి దిగేటప్పుడు మోకాలు గట్ల వంగాలె. నడుము వంగితే అయిపోయినట్టే" అంది మాతో.

ఆమె బస్తా దించి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఏంది టీచరమ్మా, పిల్లల్ని దెచ్చి మమ్మల్ని చూపిస్తున్నవ్? మేమేమన్న సర్కసోళ్లమా?"

"సర్కస్ గీ పిల్లలు చేస్తరమ్మా. నువ్వు చేసేదే సక్కటి పని. ఇంకొకసారి లేపు, గీ పొట్టిది చూడలే."

పొట్టిది అంటే నేను. ఆమె నవ్వి, ఇంకో బస్తా లేపింది. తర్వాత చాలా రోజులు ఆ చౌరస్తాలో నేను కనిపిస్తే "ఏం సర్కస్ పిల్లా" అని పలకరించేది. నాకు సిగ్గేసేది, కానీ మోకాళ్లు వంచడం వచ్చింది.

చివరగా అరచేయి. ఇది లేకుండా ఎవరినీ వ్యాను ఎక్కించేది కాదు. ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుని, మోకాలి వెనక, పిక్క మీద, తొడ లోపలి వైపు అరచేయి ఆనించేది, తల్లులు జ్వరం చూసినట్టు. కళ్లు ఎటో ఉండేవి. కాసేపటికి "ఊఁ" అంటే వెళ్లొచ్చు. "ఊఁహూఁ" అంటే మళ్లీ నాలుగు చీపుర్లు, రెండు తిరగళ్లు. ఎందుకు, ఏమిటి అని అడిగితే చెప్పేది కాదు. అంత ఖాయంగా ఒక మనిషి ఇంకొకరి కాలి సంగతి చెప్పగలగడం నాకు గొప్పగా తోచేది, కొంచెం చిరాకుగా కూడా.

ఇంత తెలిసిన మనిషి మొదటి నెలలోనే ఒక పొరపాటు చేసింది. ఆ పొరపాటును మేం ఏడుగురం, మా తల్లిదండ్రులు, కోచ్, అందరం నాలుగు వారాలు చూస్తూ ఉండి కూడా పట్టుకోలేదు. అయిదుంబావుకు పార్కులో మొదలుపెట్టి, ఒళ్లంతా చెమటలు పట్టేదాకా చేయించి, "ఊఁ" అని అరచేత్తో ముద్ర వేసి ఆమె మమ్మల్ని వ్యాను ఎక్కించేది. అక్కడి నుంచి రింకుకు గంట ప్రయాణం. డ్రైవర్ అద్దాలు దించేవాడు. చలిగాలి. మేం ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయేవాళ్లం. అక్కడ దిగి, ముడుచుకుపోయిన కాళ్లకు స్కేట్లు బిగించుకుని, నేరుగా ఐసు మీదికి వెళ్లేవాళ్లం.

నాలుగో ఆదివారం నేను ఒక గెంతు వేసి దిగేటప్పుడు ఎడమ తొడ లోపల చిటుక్కుమంది. ఐసు మీదే కూలబడ్డాను. కోచ్ పరుగెత్తుకొచ్చాడు.

"వార్మప్ చెయ్యలేదా?"

"చేసినం అన్నా."

"ఎక్కడ?"

"అశోక్‌నగర్ల."

కోచ్ ముఖం చూడాలి. నవ్వాలో ఏడవాలో తెలియక చుట్టూ ఉన్న కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. నన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాక మాత్రం నవ్వేశాడు. రింకులో పనిచేసేవాళ్లకు అది చాలా రోజులు చెప్పుకునే మాట అయింది. అశోక్‌నగర్‌లో వేడెక్కి వచ్చి ఊరి అవతల గెంతే పిల్లలు.

ఆ సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చింది. నాన్న కుర్చీ వేశాడు. కుర్చీ అంచున, ఇంకేదో పని ఉన్నట్టు కూర్చుంది. నేను మంచం మీద కాలికి ఐసు మూట కట్టుకుని పడుకుని ఉన్నాను.

"తప్పు నాదే అన్నా" అంది నాన్నతో. ఆయన ఆమెకంటే ఇరవై ఏళ్లు చిన్న. "ముప్పై ఏండ్లు నా గ్రౌండు బడి పక్కపొంటే ఉండె. పిల్లల్ని ఉరికించిన, గేటు తీసిన, గ్రౌండుల వడ్డరు. గ్రౌండు గంట దూరం ఉంటదని నా బుర్రకు రాలే. పిల్లలకు కాళ్లు ఈడ వెచ్చగుంటె ఆడేం ఫాయిద? గింత చిన్న ముచ్చట నాకు తట్టలే. ఇది పిల్ల తప్పు గాదు, కోచ్ తప్పు గాదు."

నాన్న జీవితంలో అలాంటిది విని ఉండడు. ఆయన ప్రెస్సులో శుభలేఖ మీద ముహూర్తం తప్పు పడితే, కంపోజర్ మీదికి, కంపోజర్ నుంచి రాసిచ్చినవాళ్ల మీదికి, అక్కడి నుంచి పంతులు మీదికి వెళ్లేది. "చాయ్ తాగుతరా టీచర్?" అన్నాడు. ఆమె తాగింది. తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లింది. నాన్న ఆ రోజు నుంచి ఆమె మాట అంటే వేదం అన్నట్టుండేవాడు. కోచ్ కూడా ఒక నియమం పెట్టాడు: టీచర్ "ఊఁ" అనకుండా ఎవరూ ఐసు మీదికి రాకూడదు.

ఆ తర్వాత ఆమె మాతోనే వ్యాన్లో వచ్చేది. పార్కు మానేసి మాల్ కింద కారు పార్కింగ్‌లో చేయించేది. మొదటి రోజు సెక్యూరిటీ అతను అడ్డొచ్చాడు. "మేడం, ఇక్కడ ఆటలు ఆడనియ్యం" అన్నాడు. టీచర్ అతని మాట వినకుండా అతని నడక చూసింది. "ఎడమ మోకాలు ఎన్నాళ్ల సంది నొస్తుంది బాబూ?" అంది. రెండు వారాలకు అతను స్తంభం పట్టుకుని మాతో పాటు చీపుర్లు ఊపుతున్నాడు.

మేం లోపలికి వెళ్లాక ఆమె మెట్ల మీద కూర్చునేది, మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని. లోపలికి రమ్మంటే రాదు. "నా పని తలుపు దాకనే" అనేది. ఒకసారి నేనూ ఇంకో పిల్లా చేతులు పట్టి లాక్కెళ్లాం. అద్దంలోంచి రింకు చూసింది. పిల్లలు గిరగిర తిరుగుతున్నారు. మెచ్చుకుంటుందని ఎదురుచూశాం. "గీ నీళ్లు రోజు మారుస్తరా?" అని అడిగి వెనక్కి వెళ్లిపోయింది.

నా తొడ మానడానికి నెలన్నర పట్టింది. డాక్టరు చూసి ఇక భయం లేదన్నాడు. మళ్లీ ఐసు మీదికి వెళ్లాను. మామూలు స్కేటింగ్ ఒక నెల. నన్ను పడేసిన ఆ గెంతు మాత్రం కోచ్ వేయనివ్వలేదు. సెలక్షన్లకు వారం ముందు, శనివారం నాడు వేయమన్నాడు. వేశాను. నాలుగుసార్లు వేశాను. దూది మీద దిగినట్టు దిగాను.

సెలక్షన్లంటే రాష్ట్రం నుంచి ఇద్దరు ఆడపిల్లలను జాతీయ పోటీలకు పంపడం. పదిహేనేళ్లలోపు గుంపు. నాకు రెండు నెలల్లో పదిహేను నిండుతాయి. తర్వాతి గుంపులో నాకంటే ఎంతో బాగా చేసే పెద్దపిల్లలు ఉన్నారు, అక్కడ నాకు చోటు దొరకదని నాకూ తెలుసు, కోచ్‌కూ తెలుసు. ఉన్నది ఆ ఒక్క పొద్దే. నేనూ ఇంకో పిల్లా ఖాయమని అందరూ అనుకుంటున్నారు. మా అమ్మ ఉన్ని చొక్కాలు కొనడానికి కోఠి వెళ్లి వచ్చింది.

ఆ పొద్దున పార్కింగ్‌లో తల్లిదండ్రులందరూ ఉన్నారు. పరిగెత్తాం. చీపుర్లు, తిరగళ్లు, బిందెలు, కొంగ. నా ఒళ్లు అంత తేలిగ్గా ఎన్నడూ లేదు. కోచ్ పైనుంచి దిగి వచ్చి, "గెంతు వెయ్యాల్సిందే, అది లేకపోతే మార్కుల్లేవు" అని నాతో చెప్పి వెళ్లాడు. టీచర్ పక్కనే ఉంది, వింది. తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని ఎడమ తొడ లోపల అరచేయి ఆనించింది.

ఎప్పటికంటే చాలాసేపు ఉంచింది.

"నొప్పి ఉన్నదా?"

"లేదు టీచర్."

"నిజం చెప్పు."

"ఒట్టు టీచర్. ఏం లేదు."

చేయి తీసి, చీర కొంగుకు తుడుచుకుంది. "ఊఁహూఁ" అంది.

నాలుగు చీపుర్లు, రెండు తిరగళ్లు. మళ్లీ అరచేయి. మళ్లీ "ఊఁహూఁ." ఇంకోసారి. పైనుంచి పేర్లు పిలుస్తున్నారు. నాకు ముందు పిల్ల వెళ్లిపోయింది. టీచర్ లేచి, నా వంక చూడకుండా నాన్న దగ్గరికి వెళ్లింది.

"ఇయ్యాల ఈ పిల్ల దిగొద్దన్నా."

"నొప్పి లేదు నాన్నా! అబద్ధం, నాకేం నొప్పి లేదు!" అని అరిచాను. చూపిస్తానని ఆ సిమెంటు నేల మీదే, బూట్లతోనే గెంతు వేశాను. చక్కగా దిగాను. మోకాళ్లు కూడా వంచాను. తల్లులు చప్పట్లు కొట్టబోయి ఆగారు. టీచర్ అటు తిరిగి స్తంభం చూస్తోంది.

నాన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "టీచర్ వద్దంటే వద్దు బిడ్డా" అన్నాడు. "తప్పయితే తప్పని చెప్పే మనిషి. ఊకె అనదు."

కోచ్ వచ్చి బతిమాలాడు గానీ, నియమం పెట్టింది ఆయనే. నా బదులు వేరే పిల్ల వెళ్లింది. ఉన్ని చొక్కాలు మా పిన్ని కూతురికి ఇచ్చేశారు.

రెండేళ్లు టీచర్‌తో మాట్లాడలేదు. అశోక్‌నగర్ చౌరస్తాలో కనిపిస్తే రోడ్డు దాటేదాన్ని. పార్కింగ్‌లో మాత్రం మాట లేకుండా ఆమె అరచేతికి కాలు అప్పగించేదాన్ని, ఇంటర్‌తో స్కేటింగే మానేశాను. తర్వాత కోపం పాతబడింది, అంతే. దసరాకు జమ్మి ఆకు ఇవ్వడానికి వెళ్లేదాన్ని, చాయ్ ఇచ్చేది, "గూని పడ్తున్నవ్, కంప్యూటర్ ముంగట గట్ల కూసోకు" అనేది. ఆ రోజు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

కానీ ఊరు ఎత్తింది. ఆ పొద్దున నేను దిగి ఉంటే తొడ నరం తెగిపోయేదని, జన్మలో నడవలేకపోయేదాన్నని, టీచర్ అరచేత్తో కనిపెట్టి కాపాడిందని మా అమ్మ మొదలుపెట్టింది. నాన్న ప్రెస్సుకు వచ్చినవాళ్లకు చెప్పేవాడు. కొన్నాళ్లకు నేనే చెప్పడం మొదలుపెట్టాను. కాలేజీలో చెప్పాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా చెప్పాను, వాళ్లకు బాగా నచ్చింది. అలా చెప్పగా చెప్పగా, నిజంగానే కొంచెం నొప్పి ఉండేదేమో అని నాకూ అనుమానం వచ్చేది. ఉన్నట్టయితే పోయిన అవకాశానికి ఓ అర్థం ఉంటుంది. ఎవరైనా ఆమె ముందు ఈ కథ చెబితే టీచర్ కొంగు సర్దుకుని కిటికీ వైపు చూసేది. మొహమాటం అనుకునేదాన్ని.

కిందటి ఎండాకాలంలో గుండె జబ్బుతో ఆమె మంచం పట్టింది. ఆఫీసు నుంచి వస్తూ బత్తాయిలు తీసుకుని వెళ్లాను. కూతురు తలుపు తీసి, నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లింది. టీచర్ బాగా తగ్గిపోయింది. దుప్పటి కింద పాదాలు మాత్రం గుండ్రంగా తిరుగుతున్నాయి, అటు పది, ఇటు పది. గొంతు పీలగా ఉంది. కాసేపు ఎండల సంగతి మాట్లాడాం. తర్వాత ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, నా చేయి పట్టుకుంది.

"ఆ దినం నీ కాలు మంచిగనే ఉండె బిడ్డా."

నేను ఏ దినమని అడగలేదు.

"చెయ్యి పెట్టంగనే ఎరుకైంది నాకు. వెచ్చగ, మెత్తగ ఉండె. ఊఁ అనాలె. నోరు రాలే. మల్ల చిటుక్కుమంటదేమో, మల్ల మీ నాయిన ముంగట కూసోని తప్పు నాదే అనాల్నేమో అని. మూడుసార్లు చూసిన. మూడుసార్లు మంచిగనే ఉండె. మొదటి తప్పు అందరి ముంగట ఒప్పుకున్న. గీ తప్పు నోట్లెకెల్లి ఎల్లలే. పదేండ్లయితుంది. మీ అమ్మ, నాయిన నన్ను దేవత లెక్క చెప్తుంటె, లోపల ఎట్లుంటదో నీకు తెల్వది."

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, జబ్బు మనిషి అని కూడా చూడకుండా చేయి విదిలించుకుని లేచి వెళ్లిపోదామనిపించింది. పార్కింగ్, స్తంభం, పైనుంచి పిలుస్తున్న పేర్లు, అన్నీ నిన్న జరిగినట్టు వచ్చాయి. నాకు నొప్పి లేదు. నాకు అప్పుడూ తెలుసు. నేను చెప్పాను, ఒట్టు కూడా వేశాను.

ఆమె నా ముఖం చూస్తోంది. కాళ్లు ఆగిపోయాయి. నేనేమంటానా అని ఊపిరి బిగబట్టి ఉంది.

"లేదు టీచర్" అన్నాను. "నొప్పి ఉండె."

"ఉండెనా?"

"ఉండె. తొడ లోపల. రాత్రి సంది సలుపుతుండె. దిగనియ్యరని చెప్పలే."

చాలాసేపు చూసింది. అరచేయి ఎక్కడైనా ఆనిస్తుందేమోనని నిజంగానే భయపడ్డాను. ఆనించలేదు. మెల్లగా మోచేతి మీద లేచింది. ముఖం ఎర్రబడింది.

"మరి చెప్పొద్దా?" అంది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. "ఎన్నిసార్లు చెప్పిన మీకు, నొప్పి దాయొద్దు, దాయొద్దు అని? ఒట్టు గూడ వేస్తివి గదనే! అడిగితినా లేదా? రెండుసార్లు అడిగితినా లేదా? నేను ఆపకపోతే ఏమైతుండె? గింత పొగరా? నేనేమో పదేండ్ల సంది మన్ను తిన్నట్టు పరేషాన్ అయితున్న ఈడ!"

కూతురు పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. టీచర్ ఆగలేదు. నా పొట్టితనం నుంచి నా గూని దాకా అన్నీ వచ్చాయి. నేను లేచి, తల వంచుకుని నిలబడి, తిట్లన్నీ పడ్డాను. చివరికి ఆయాసం వచ్చి వెనక్కి వాలింది. బత్తాయి ఒలిచి ఇస్తే నాలుగు తొనలు తిన్నది. నెల రోజుల్లో అమ్మ గొంతు అంత గట్టిగా వినలేదని కూతురు మెట్ల దాకా వచ్చి నాతో చెప్పింది.

ఇంకో నెలన్నర ఉందామె. చూడవచ్చిన ప్రతివాళ్లకూ ఈ సంగతి చెప్పిందట. పిల్ల నొప్పి ఎట్ల దాచిందో, తన చెయ్యి ఎట్ల పట్టిందో.

పదకొండో రోజున వాళ్ల బిల్డింగు కింద షామియానా వేశారు. భోజనాల వరసలో తెల్లజుట్టు ఆడవాళ్లు ఇరవై మందిదాకా ఉన్నారు. అందరూ నారాయణగూడ బడి పాత విద్యార్థులే. ప్లేట్లు పట్టుకుని కూడా నిటారుగా నిలబడ్డారు. కూతురు నన్ను చేయి పట్టుకుని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది.

"అమ్మ చెప్తుండె చూడుండ్రి, నొప్పి దాచిన పిల్ల. ఈమెనే."

వాళ్లు తిండి ఆపి నన్ను పైనుంచి కిందికి చూశారు. అందరిలోకీ పెద్దావిడ నా ఎడమ కాలి వంక చూసింది.

"గంత మొండిదానివా నువ్వు? టీచర్‌కే అబద్ధం చెప్తివా?"

"చిన్నతనం ఆంటీ" అన్నాను.

"ఇప్పుడు మంచిగున్నదా కాలు?"

"మంచిగుంది."

"ఆమె పట్టుకోకపోతే ఏమైతుండెనో!"

"అవునాంటీ" అన్నాను. "కుంటుకుంట తిరుగుతుండె."